గంజాయి కార్డు, గ్రీన్ కార్డు: ఒకే ఒరలో రెండు కత్తులు

ఈ మధ్య ఫ్రీమాంట్‌లో ఏ నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరినా మాటలు మూడు విషయాల చుట్టూనే తిరుగుతున్నాయి: లేఆఫులు, వీసా బులెటిన్, పిల్లల కాలేజీలు. వీటి మధ్యలోకి నాలుగోది ఒకటి మెల్లగా వచ్చి కూర్చుంది. పైకి అనడానికి కాస్త మొహమాటపడతారు గానీ, అడిగేవాళ్ళు తక్కువేం లేరు. అదే కాలిఫోర్నియా వారి మెడికల్ మారువానా కార్డు. మన భాషలో గంజాయి కార్డు. "డాక్టరు రాసిస్తారట, కౌంటీ వాళ్ళు ఫోటో తీసి కార్డిస్తారట, ట్యాక్సు కూడా పడదట, అంతా లీగలేనట!" ఈ "అట"ల్లో చాలావరకు నిజమే. ఆ చివరి "అట" మాత్రం మనలో చాలామందికి వర్తించదు. ఎందుకు వర్తించదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నేను లాయరుని కాను, డాక్టరుని అంతకన్నా కాను. ఇంజనీరింగులో మాస్టర్స్ చేయడానికి వచ్చి, ఎఫ్-1, ఓపిటి, హెచ్-1బి మెట్లన్నీ ఎక్కి, ఐ-485 దగ్గర ఆగిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఇన్నేళ్ళూ ఇమిగ్రేషన్ ఫారాలు నింపీ నింపీ, వాటిని కోడ్ చదివినట్లు పదం పదం చదవడం అలవాటైపోయింది. ఈ కార్డు కథ కూడా అలాగే మొదటి నుంచి చదివాను.

1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను గెలిపించారు. వైద్యం కోసం గంజాయి వాడుకోవచ్చని చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. దాని వెనుక ఉన్నది పార్టీల సరదా కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్‌తో చిక్కి శల్యమై, అన్నం సహించక చనిపోతున్న మనుషులను చూసినవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం అది. క్యాన్సర్, గ్లాకోమా, కీళ్ళవాతం, మైగ్రేన్, దీర్ఘకాలపు నొప్పి అని జబ్బుల పేర్లు రాసి, చివర్లో "ఉపశమనం ఇచ్చే మరే ఇతర జబ్బుకైనా" అని ఒక ముక్క చేర్చారు. ఆ ముక్క ఎంత పెద్ద తలుపో తర్వాతి ఇరవై ఏళ్ళూ చూశాం.

అయితే రోడ్డు మీద ఆపిన పోలీసుకు ఎవరు రోగో, ఎవరు కాదో ఎలా తెలియాలి? అందుకని 2003లో శాసనసభ ఇంకో చట్టం చేసి గుర్తింపు కార్డు పెట్టింది. ఆ బిల్లు నంబరు 420! మనకు 420 అంటే మోసగాడు (భారతీయ న్యాయ సంహిత వచ్చి 2024లో ఆ సెక్షన్ నంబరు మారిపోయినా, తిట్టు మాత్రం మారలేదు). ఇక్కడివాళ్ళకు 420 అంటే గంజాయి. 1971లో శాన్ రఫేల్ హైస్కూలు కుర్రాళ్ళు కొందరు సాయంత్రం నాలుగూ ఇరవైకి కలుసుకునేవారట, ఆ సంకేతం అలా నిలిచిపోయింది.

కార్డు తీసుకోవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫ్రీమాంట్ వాళ్ళం గనుక మన దరఖాస్తు అలమేడా కౌంటీ ప్రజారోగ్య శాఖకు వెళుతుంది. మనిషి స్వయంగా వెళ్ళాలి. డాక్టరు రాసిన సిఫారసు, ఫోటో ఉన్న గుర్తింపు, ఆ కౌంటీలోనే ఉంటున్నట్లు రుజువు చూపించాలి. ఫీజు 100 డాలర్లు దాటకూడదని చట్టం. మెడికాల్ ఉన్నవాళ్ళకు సగం. కౌంటీ 30 రోజుల్లోగా వివరాలు సరిచూసి, ఆ తర్వాత 5 రోజుల్లో కార్డు ఇవ్వాలి. ఏడాది చెల్లుతుంది. కార్డు మీద ఫోటో, ఒక నంబరు ఉంటాయి, పేరు ఉండదు. తప్పనిసరి కూడా కాదు, ఇష్టమైతే తీసుకోవచ్చు.

ఇక్కడ "సిఫారసు" అన్న మాట గమనించండి. మన ఊళ్ళో సిఫారసు ఉత్తరం ఎమ్మెల్యే గారు ఇస్తారు. ఇక్కడ డాక్టరు ఇస్తాడు. ప్రిస్క్రిప్షన్ అనకుండా సిఫారసు అనడానికి కారణం ఉంది. ఫెడరల్ చట్టం గంజాయిని 1970లో మొదటి షెడ్యూలులో, అంటే వైద్య ప్రయోజనం లేనివాటి పట్టికలో పెట్టింది గనుక డాక్టరు దాన్ని ప్రిస్క్రైబ్ చేయడానికి వీల్లేకపోయింది. "ఇది నీకు పనికిరావచ్చు" అని చెప్పడం మాత్రం వాక్స్వాతంత్ర్యం కిందికి వస్తుందని, అందుకు డాక్టర్ల లైసెన్సు ఊడబెరకడానికి వీల్లేదని తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2002లో తేల్చింది. అంటే మొత్తం కార్డు వ్యవస్థ నిలబడి ఉన్నది మందుల చీటీ మీద కాదు, డాక్టరు గారి మాట్లాడే హక్కు మీద!

ఇంతకీ ఈ రోజుల్లో కార్డుతో పనేమిటి? 2016 నవంబరులో 64వ ప్రతిపాదన గెలిచాక 21 ఏళ్ళు దాటిన ఎవరైనా 28.5 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. 2018 జనవరి 1 నుంచి కార్డు లేకుండానే దుకాణంలో కొనుక్కోవచ్చు. కార్డు ఉంటే అమ్మకం పన్ను, అంటే మన దగ్గర పది శాతానికి పైగా, మినహాయింపు. ఎక్సైజు పన్ను మాత్రం కట్టాల్సిందే. ఫ్రీమాంట్ నగరం తన హద్దుల్లో దుకాణాలకు అనుమతి ఇవ్వలేదు గానీ, రోగులకు ఇంటికి తెచ్చి ఇవ్వడాన్ని ఏ నగరమూ ఆపకూడదని 2022లో చేసిన రాష్ట్ర చట్టం 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. కాబట్టి నెలనెలా ఎక్కువగా కొనే నిజమైన రోగులకు కార్డు లాభమే. ఇంకొక వర్గానికి మరీ లాభం: 18 నుంచి 20 ఏళ్ళ వాళ్ళకు. వాళ్ళు డాక్టరు సిఫారసు లేకుండా కొనలేరు. ఈ వర్గం సంగతి మళ్ళీ వస్తాను, మన ఇళ్ళలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మన సామెతలో దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. ఇక్కడ కథ తిరగబడింది. పూజారి ఇచ్చేశాడు, దేవుడే ఇవ్వలేదు. 2002 ఆగస్టులో బ్యూట్ కౌంటీలో డయాన్ మాన్సన్ అనే ఆవిడ ఇంటికి కౌంటీ పోలీసులూ, ఫెడరల్ ఏజెంట్లూ కలిసి వచ్చారు. ఆవిడ వెన్నునొప్పికి డాక్టరు సిఫారసుతో ఆరు మొక్కలు పెంచుకుంటోంది. కౌంటీ వాళ్ళు చూసి, రాష్ట్ర చట్టం ప్రకారం అంతా సవ్యంగా ఉందన్నారు. ఫెడరల్ వాళ్ళు ఒప్పుకోలేదు. మూడు గంటల వాదన తర్వాత ఆ ఆరు మొక్కలనూ పీకి నాశనం చేశారు. ఆవిడా, మన పక్కనే ఓక్లాండ్‌లో ఉండే ఏంజెల్ రైచ్ అనే మరో రోగీ కలిసి వేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2005 జూన్ 6న ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచి, రాష్ట్రం ఏమన్నా ఫెడరల్ చట్టానిదే పైచేయి అని తీర్పు ఇచ్చారు. తర్వాతి సంవత్సరాల్లో కేంద్ర ప్రభుత్వాలు రోగుల జోలికి అంతగా పోలేదు గనుక పౌరులకు ఈ తీర్పు గుర్తు చేసుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. మనకు వస్తుంది. ఎందుకంటే ఇమిగ్రేషన్ అనేది పూర్తిగా ఆ ఫెడరల్ దేవుడి గుడి.

ఇమిగ్రేషన్ చట్టంలో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. అరెస్టు కానక్కర్లేదు, కేసు కానక్కర్లేదు, శిక్ష పడనక్కర్లేదు. నియంత్రిత మాదకద్రవ్యాల చట్టాన్ని ఉల్లంఘించినట్లు మన నోటితో మనం ఒప్పుకున్నా చాలు, ప్రవేశానికి అనర్హులం కావచ్చు. ఈ తొమ్మిదో సర్క్యూట్ కోర్టే 2002లో ఒక ఫిలిప్పీన్స్ దేశస్థుడి కేసు చూసింది. వలస వీసా కోసం జరిగిన వైద్య పరీక్షలో, కుర్రతనంలో గంజాయి తాగానని డాక్టర్లకు నిజం చెప్పాడు. ఆ మాటే ఒప్పుకోలుగా సరిపోతుందని కోర్టు అంది. పాజ్‌కోగిన్ కేసు అని లాయర్లందరికీ తెలుసు. డాక్టరు దగ్గర దాపరికం ఉండకూడదని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు కదా! ఇక్కడ ఏ డాక్టరు మన డాక్టరో, ఏ డాక్టరు ప్రభుత్వం తరఫున చూస్తున్నాడో తెలుసుకుని మాట్లాడాలి.

"కార్డు మీద పేరే లేదు, కౌంటీ ఎవరికీ చెప్పదు, ఇక యుఎస్‌సిఐఎస్‌కు ఎలా తెలుస్తుంది?" అని ఒక మిత్రుడు చాలా తెలివిగా అడిగాడు. నిజమే, కౌంటీ రికార్డులు వైద్య రహస్యాలుగా కాపాడాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. కానీ సమస్య డేటాబేస్ బయటపడటం కాదండీ. ఐ-485లో ప్రశ్న సూటిగా ఉంటుంది: ఏ రాష్ట్రానిదైనా, అమెరికాదైనా, మరే దేశానిదైనా మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా? స్టాంపింగుకు నింపే డిఎస్-160లోనూ అలాంటిదే ఉంది. కార్డు తీసుకుని వాడిన మనిషి "లేదు" అని రాస్తే అది అబద్ధం. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా పొందడం జీవితకాలపు అనర్హత, గంజాయి కంటే పెద్ద తప్పు. "అవును" అని రాస్తే పైన చెప్పిన ఒప్పుకోలు. కార్డు ఇచ్చేటప్పుడు ఈ రెండు గోతుల సంగతి కౌంటీ చెప్పదు, చెప్పడం వాళ్ళ పని కూడా కాదు. రాష్ట్రం పోలీసు నుంచి కాపాడటానికి కార్డు కనిపెట్టింది. ఇమిగ్రేషన్‌కు పోలీసుతో పనే లేదు.

న్యాయంగా చెప్పాలంటే కార్డు ఉన్నంత మాత్రాన వాడినట్లు కాదు. అధికారి అడిగే తీరుకూ నిబంధనలున్నాయి: 1957 నాటి ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పు ప్రకారం ఆ నేరమంటే ఏమిటో మనకు అర్థమయ్యే మాటల్లో ముందుగా వివరించాలి. లాయరు పక్కన ఉంటే ఇలాంటివన్నీ పనికొస్తాయి. ఇరవై గంటలు ప్రయాణం చేసి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగినప్పుడు, పర్సులో కార్డో, ఫోనులో ఆర్డరు రసీదో చూసి అధికారి ప్రశ్నలు మొదలుపెడితే పక్కన ఉండేది పచ్చళ్ళ సూట్‌కేసు మాత్రమే. కార్డునే ఆధారంగా తీసుకోవడం అసాధ్యమేమీ కాదు. 2011లో నెవాడాకు చెందిన ఒక మహిళకు కేవలం ఇలాంటి కార్డు ఉందని తుపాకీ అమ్మలేదు. ఆవిడ గంజాయి వాడినట్లు రుజువేమీ అడగకుండానే అది సబబేనని ఇదే తొమ్మిదో సర్క్యూట్ 2016లో సమర్థించింది. తుపాకీలతో మనకు పనిలేదు గానీ, కార్డును ఫెడరల్ కళ్ళు ఎలా చదువుతాయో అందులో కనిపిస్తుంది.

గ్రీన్ కార్డు వచ్చేస్తే? కొంత నయం. బహిష్కరణకు మామూలుగా కోర్టులో నేరం రుజువు కావాలి. సొంతానికి ఉంచుకున్న 30 గ్రాములలోపు ఒకే ఒక్క నేరానికి అక్కడ మినహాయింపు ఉంది. కానీ చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళి తిరిగివచ్చే గ్రీన్ కార్డుదారుణ్ణి, అటువంటి నేరం చేసి ఉంటే, మళ్ళీ కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిలా చూడవచ్చు. సిటిజన్‌షిప్ సంగతి ఇంకా స్పష్టం. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పనులు సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని యుఎస్‌సిఐఎస్ 2019 ఏప్రిల్ 19న రాతపూర్వకంగా ప్రకటించింది. అందులో ఆ పరిశ్రమలో ఉద్యోగం కూడా ఉంది! డెన్వర్‌లో ఆ పరిశ్రమలో పనిచేసిన ఇద్దరు వలసదారుల విషయంలో ఇలా జరిగితే, నగర మేయరు అటార్నీ జనరల్‌కు ఉత్తరం రాయాల్సి వచ్చింది. బే ఏరియాలో డెలివరీ యాప్ రాసే స్టార్టప్ నుంచి ఆఫరు వస్తే మనవాళ్ళు స్టాకు ఎంతని అడుగుతారు గానీ, ఏం డెలివరీ చేస్తున్నారని అడగరు. అడగండి. మొక్కను ముట్టుకోకుండా కేవలం కోడ్ రాసినా ఆ ప్రశ్న మన మీదికి వస్తుందా, రాదా అన్నది చేరే ముందు లాయరుతో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు పిల్లల సంగతి. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. అబ్బాయికి పందొమ్మిది. హైదరాబాదులో పుట్టాడు, నాలుగేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే సిగ్గు. హెచ్-4 మీద ఉన్నాడు, తండ్రి ప్రయారిటీ డేటు ఇంకా రాలేదు. వాడికి మైగ్రేన్ ఉన్నమాట నిజం. డార్మిటరీలో రూమ్మేట్‌కు కార్డు ఉంది, వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడితే సిఫారసు వచ్చేసిందట. తనూ తీసుకుంటానని, తల్లిదండ్రులకు తెలియకుండా కాకుండా, చక్కగా చెప్పే అడిగాడు. ఆ తండ్రి నన్ను అడిగిన ప్రశ్న "గంజాయి మంచిదా చెడ్డదా" అని. నేను ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగాను: "వాడు సిటిజన్ కాదన్న సంగతి వాడికి నిజంగా తెలుసా?"

తెలుసు, కానీ తెలియదు. అదే చిక్కు. ఈ పిల్లలు ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో జెండా వందనం చేసి పెరిగారు. పక్క బెంచీవాడికి చెల్లే చట్టం తమకు చెల్లదని వాళ్ళ ఊహకు అందదు. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కు మారాలి, ఏదో ఒక రోజు కాన్సులేటు కిటికీ ముందు నిలబడి డిఎస్-160 ప్రశ్నలకు సొంతంగా జవాబు చెప్పాలి. 18 నుంచి 20 మధ్య కార్డు ఎవరికి బాగా పనికొస్తుందో, ఆ వయసులోనే మన పిల్లల స్టేటస్ గాలిలో దీపంలా ఉంటుంది. పైగా విశ్వవిద్యాలయాలు ఫెడరల్ నిధులు తీసుకుంటాయి గనుక 1989 నాటి చట్టం ప్రకారం, కార్డు ఉన్నా సరే, క్యాంపస్‌లో గంజాయిని అనుమతించవు. "గంజాయి వనంలో తులసి మొక్క" అని మురిసిపోవడం మానేసి, పద్దెనిమిదో పుట్టినరోజున పిల్లవాడి ముందు ఐ-94 పెట్టి కూర్చోవడం మేలు. వాడి కాగితాల్లో ఏముందో వాడికి చెప్పకుండా, "మన ఇంటా వంటా లేదు" అని అరిస్తే వాడు రెండోసారి అడగడు. అడగకుండా తీసుకుంటాడు.

మన సంఘాల్లో ఈ విషయం మాట్లాడాలంటే పెద్దవాళ్ళకు ఎందుకంత ఇబ్బందో నాకు అర్థం కాదు. పిక్నిక్‌లో స్కాచ్ గురించి గంటసేపు మాట్లాడగలం. గంజాయి అనగానే విశాఖ ఏజెన్సీ, పోలీసుల దాడులు, 2021 చివర మొదలైన ఆపరేషన్ పరివర్తన, అనకాపల్లి దగ్గర తగలబెట్టిన గుట్టలు గుర్తొస్తాయి. మన దేశపు 1985 చట్టం కూడా కఠినమైనదే, అయితే పూతా కాయా లేని ఆకును దాని నిర్వచనం నుంచి వదిలేసింది, అందుకే భంగు వేరే లెక్కలోకి వెళ్ళింది. ఒకే మొక్కకు మూడు ప్రభుత్వాలు మూడు అర్థాలు చెబుతుంటే, మనం కూర్చుని నైతికత తూచడంలో అర్థం లేదు. తూచాల్సింది కాగితాలు.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. వెన్నునొప్పికి డాక్టరు సిఫారసుతో వాడిన ఒక కంప్యూటర్ ఉద్యోగిని డ్రగ్ టెస్టులో తేలిందని తీసేస్తే, కంపెనీ తప్పు లేదని 2008లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జనవరి నుంచి పరిస్థితి కొంత మారింది: పని వేళల బయట వాడినందుకు, శరీరంలో మిగిలిన మత్తులేని అవశేషాల టెస్టు ఆధారంగా వివక్ష చూపకూడదు. ఫెడరల్ క్లియరెన్సు కావలసిన ఉద్యోగాలకు ఈ రక్షణ లేదు. హెచ్-1బి వాడికి ఉద్యోగం పోతే మామూలుగా చేతిలో ఉండేది 60 రోజులు.

"షెడ్యూలు మారుస్తున్నారు కదా, ఇక భయమెందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. మూడో షెడ్యూలుకు మార్చాలని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదించింది, ఆ పని త్వరపెట్టమని 2025 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆదేశించారు. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న మాట "మొదటి షెడ్యూలు" కాదు, "నియంత్రిత పదార్థం". మూడోదైనా, ఐదోదైనా ఆ పట్టికలో ఉన్నంత కాలం ఐ-485 ప్రశ్న అలాగే ఉంటుంది. బైడెన్ 2022 అక్టోబరులోనూ, 2023 డిసెంబరులోనూ ఇచ్చిన క్షమాభిక్షలు కూడా సిటిజన్లకూ, గ్రీన్ కార్డుదారులకూ మాత్రమే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1ల పేరు అందులో లేదు.

నా అభిప్రాయం దాచుకోను. సిటిజన్ కాని వ్యక్తికి, ముఖ్యంగా క్యూలో ఉన్నవాళ్ళకు, ఈ కార్డు దండగ బేరం. మిగిలేది కొద్దిపాటి పన్ను, పణంగా పెట్టేది ఇరవై ఏళ్ళ జీవితం. కానీ కీమోథెరపీ తర్వాత మంచినీళ్ళు కూడా ఇమడని తల్లికి "మీ స్టేటస్ ఒప్పుకోదమ్మా" అని చెప్పాల్సి రావడం న్యాయం కాదు. పక్కింటి రోగికి దొరికే ఉపశమనం ఆమెకు పాస్‌పోర్టు రంగు వల్ల దొరకకపోవడం గురించి మన సంఘాలు కాంగ్రెస్ సభ్యులను అడగాలి. గ్రీన్ కార్డు క్యూ గురించి అడిగే అదే సమావేశంలో అడగవచ్చు.

అటువంటి ఇళ్ళకు ఒక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. గంజాయిలోని ముఖ్య పదార్థమైన టిహెచ్‌సినే ప్రయోగశాలలో తయారుచేసిన డ్రొనాబినాల్ అనే మందును ఎఫ్‌డిఎ 1985లోనే ఆమోదించింది, కీమోథెరపీ వికారానికి. అదే ఏడాది నాబిలోన్ అనే ఇంకొకటి వచ్చింది. కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకు సిబిడితో చేసిన ఎపిడియోలెక్స్ 2018లో వచ్చింది. ఇవి సిఫారసుతో కాదు, మామూలు ప్రిస్క్రిప్షన్‌తో ఇచ్చే మందులు. ఫెడరల్ చట్టానికి అభ్యంతరం లేదు. బజారులో సిబిడి పేరుతో అమ్మే గమ్మీలు ఈ లెక్కలోకి రావు. జనపనార జాతి ఉత్పత్తులకు 2018లో ఇచ్చిన వెసులుబాటును కాంగ్రెస్ 2025 నవంబరులో బాగా బిగించింది, పైగా సీసా మీద రాసినదే లోపల ఉందన్న భరోసా లేదు. ఆంకాలజిస్టును డ్రొనాబినాల్ పేరు పెట్టి అడగండి. మీ ఇన్సూరెన్సు ముందస్తు అనుమతి కావాలంటే డాక్టరు ఆఫీసు వాళ్ళే పంపిస్తారు. ఐ-693 వైద్య పరీక్షలో ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు, ఆ ప్రిస్క్రిప్షన్ కాగితం తీసి బల్ల మీద పెట్టవచ్చు.